గీతల లోపలి తెలుపు

కామాక్షయ్య గారు భూతద్దం బల్ల మీద పెట్టి, "ఈ ఎముకను ఎవరు శుభ్రం చేశారు?" అని అడిగారు.

డేరాలో పద్మనాభయ్య తన గురువు ముందు నిలబడి, పొద్దున కీ ఇచ్చిన గడియారానికే మళ్ళీ కీ ఇస్తున్నాడు. వంటమనిషి గురవమ్మ మజ్జిగ చెంబుతో గుమ్మంలోనే తల వంచుకుని ఆగిపోయింది.

అది అరవై నాలుగో సంవత్సరం. జువ్వలదిన్నెకు పడమరగా వాగు గట్టు తెగినచోట పద్మనాభయ్య మూడేళ్లుగా తవ్విస్తున్నాడు. రాయిగా మారిన దుప్పి ఎముకలు, అడవిదున్న పళ్లు చాలా దొరికాయి. ఆయనకు కావలసింది వాటిని తిన్న మనుషుల సంగతి. ఆ కాలపు మనిషి తానే వేటాడేవాడా, మృగం తిని వదిలింది ఏరుకునేవాడా? అది ఎముకే చెబుతుందనేవాడు. రాతిచెక్కుతో మాంసం కోస్తే ఎముక మీద సన్నటి గీత పడుతుంది. మృగం కొరికితే గుంట పడుతుంది. ఏది ముందు పడిందో తేలితే, ముందు తిన్నదెవరో తేలినట్టే.

ఇదంతా ఆయన గురవమ్మకు చెప్పేవాడు. ఆమె మొగుడు పడవెక్కి వెళ్లి తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆమెతో కూర్చుని మాట్లాడినవాళ్లు లేరు. డేరాలో వంట, ఎముకలు కడగడం ఆమె పని. మొదటి రోజే చేప పొలుసు తీసినట్టు ఆల్చిప్పతో ఎముకను గీకబోయింది. "అక్కా, అది చేప కాదు," అని ఆయన నవ్వి కుంచె ఇచ్చాడు. ఆమె దగ్గర ఆయనా నేర్చుకున్నాడు, కోసేటప్పుడు కత్తి ఎముకకు ఎక్కడ తగులుతుందో.

"కీలు కాడ తగులుతాది సారూ. చెయ్యి తిరిగినోళ్లకి ఆడ కూడా తగల్దు," అని ఆమె ఎకసెక్కంగా చెప్పింది.

ఈ ఏడూ ఏమీ తేలకపోతే తవ్వకం మూసేయమని మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ రోజు నుంచి గురవమ్మ పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. డేరా ఎత్తేస్తారేమోనని ఆమెకూ నిద్ర లేదు. పదిహేను రోజులకు ఈ దుప్పి తొడ ఎముక బయటపడింది. కీలు దగ్గర మూడు గీతలు, వాటిని తెగ్గొట్టినట్టు పంటి గుంట. మనిషే ముందు తిన్నాడని పద్మనాభయ్య మద్రాసుకు రాశాడు. దాన్ని చూడ్డానికే కామాక్షయ్య గారు వచ్చారు.

"పంటి గుంట లోపల కూడా మట్టి రంగు పట్టింది," అన్నారాయన. "గీతల లోపల తెల్లగా ఉంది. ఇవి మొన్న మొన్న పడ్డవి పద్మనాభం. తెలియక ఎవరైనా గీకి ఉంటే సరే. తెలిసి చేసిన పనైతే నేను రాయక తప్పదు. రాస్తే ఇక నీకు ఎవరూ తవ్వకం ఇవ్వరు."

పద్మనాభయ్య వేళ్లు మళ్ళీ గడియారం కీ మీదికి పోయాయి.

గురవమ్మ చెంబు కింద పెట్టింది. "నేనే అయ్యా. కీలు కాడ మట్టి వదల్లేదని ఆల్చిప్పతో గీకినాను. సారు ఒద్దని చెప్పుండారు. నేనే ఇన్లేదు."

"ఎన్నిసార్లు గీకావు?"

"చేపను లెక్కబెట్టి గీకుతామా అయ్యా?"

కామాక్షయ్య గారి కోపం కొంత దిగింది. ఈ ఎముకను పక్కన పడేయమన్నారు. ఇంకొక ఏడాది తవ్వుకోమన్నారు. ఈ మనిషి మాత్రం మళ్లీ ఇక్కడ కనపడకూడదన్నారు.

"అది కాదండీ, ఆమె..." అన్నాడు పద్మనాభయ్య.

"మజ్జిగ తాగండి సారూ," అని గురవమ్మ చెంబు ఆయన చేతికిచ్చింది.

సాయంత్రం ఆమె చీరలు రెండూ మూట కట్టుకుంది. వద్దంటున్నా ఆ మూటను వాగు గట్టు దాకా ఆయనే మోశాడు. దారి పొడుగునా ఆమె మొహం చూడలేదు. మలుపు దగ్గర ఆమె మూట అందుకుని, "వేళకి తినండి. పని ఇంకా ఉండాది గదా," అంది. ఆయన తల ఊపాడు. ఆమె వెనక్కి తిరగకుండా ఊరి వైపు నడిచింది. మళ్లీ ఆ గట్టు వైపు రాలేదు.

ఆ ఎముకను ఆమె ఒక్కసారైనా ముట్టుకోలేదు.