ఆవిడ నడిపిన వేగం

ఇంజన్‌ని తగలబెట్టింది బావమరిదే. పెద్దాయన లెక్కలో అది తేలిపోయిన విషయం. కొత్తగా ఎవరూ తేల్చక్కర్లేదు.

"రెండు చుట్లు కూడా తిరగలేదమ్మా. వీడు బటన్ నొక్కాడు, పొగొచ్చింది," అన్నాడు, రిపేరు షాపు బల్ల మీద అట్టపెట్టె పెడుతూ.

"ఎప్పుడూ నొక్కినట్టే నొక్కాను బావా," అన్నాడు వెనక నిలబడ్డ బావమరిది.

"నోర్ముయ్."

రిపేరావిడ పెట్టె తెరిచింది. అరచేతిలో ఇమిడిపోయే ఆకుపచ్చ బొమ్మ ఇంజన్. పైతొడుగు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"డీకోడర్ పోయింది."

చిటికెనవేలి గోరంత చిప్ అది. పట్టాల్లోంచి వచ్చే ఆజ్ఞలు చదివి, ఎంత వేగంగా కదలాలో ఎంత నెమ్మదిగా ఆగాలో మోటారుకు చెబుతుంది. ఇప్పుడది నడిమధ్య బొబ్బెక్కి ఉంది.

"చిప్పుల గొడవ నాకెందుకమ్మా! మా ఆవిడ ఎలా నడిపేదో అలా నడవాలి, అంతే. అది బయల్దేరినట్టే తెలిసేది కాదు. చూస్తూ ఉండగానే స్టేషన్ దాటేసేది. ఆగడమూ అంతే, నిద్రపోయిన పిల్లను మంచం మీద దింపినట్టు."

"చిప్‌లో వేగానికి పెట్టే అంకెలన్నీ ఆవిడే పెట్టుకున్నారా?"

"ఏడాది పట్టింది," అన్నాడు బావమరిది. "ఒక అంకె మార్చడం, ఒక చుట్టు తిప్పడం, మళ్లీ మార్చడం. అన్నం చల్లారిపోయినా లేచేది కాదు అక్క."

"ఎక్కడన్నా రాసిపెట్టారా?"

బావమరిది తల అడ్డంగా ఊపాడు.

"అయితే అవి దీంతోపాటే పోయాయండీ. కాలిన చిప్‌లోంచి బయటికి రావు."

పెద్దాయన బావమరిది వైపు తిరిగాడు. "విన్నావా? ఆవిడది మిగిలిందే అది ఒక్కటి. దాన్నీ తుడిచిపెట్టేశావు."

రిపేరావిడ ఒక పళ్లెంలో మూడు చిప్పులు పరిచింది. "ఇది వేస్తే మోటారు గుర్రుమంటూనే ఉంటుంది. ఇది మంచిదే గానీ పొడవు. ఇంజన్‌లో పట్టాలంటే డ్రైవరు బొమ్మను ఉద్యోగంలోంచి తీసెయ్యాలి."

బావమరిదికి నవ్వొచ్చింది. పెద్దాయన మొహం చూసి మింగేశాడు.

"ఇదిగో, ఈ చిన్నది. మోటారు ఎంత తిరుగుతోందో తనే కనిపెట్టి సర్దుతుంది. నెమ్మదితనం కావాలంటే ఇదే."

"అదే పెట్టు."

రిపేరావిడ కాలిన చిప్ ఊడదీసి, కొత్తదాని తీగలు విడదీసింది. ఎరుపు, నలుపు చక్రాల వైపు. నారింజ, బూడిద మోటారు వైపు. మోటారు కిందికి భూతద్దం పెట్టి చూసి ఆగిపోయింది.

"ఇక్కడ టేపు ఏదీ?"

"ఏ టేపు?" అన్నాడు పెద్దాయన.

"మోటారు అడుగు రేకు ఇంజన్ చట్రానికి తగలకూడదండీ. తగిలితే పట్టాల కరెంటు తిన్నగా చిప్‌లోకి దూరి కాల్చేస్తుంది. అందుకే మధ్యలో చిన్న టేపు ముక్క అంటిస్తారు."

"అంటించింది కదా అక్క!" అన్నాడు బావమరిది. "నల్ల టేపు. పట్టకారు పట్టుకున్నది నేనే."

"ఇప్పుడు లేదు. ఊడిపోలేదు కూడా. ఎవరో గీకేసి, స్పిరిట్‌తో తుడిచారు. చూడండి, అద్దంలా ఉంది. మురికనుకున్నారేమో పాపం."

వేడెక్కిన సోల్డరింగ్ కడ్డీని ఆవిడ తడి స్పాంజికి తాకించింది. అది చుయ్‌మంది.

"నేనే," అన్నాడు బావమరిది.

"మీరా? పట్టకారు పట్టుకున్నానన్నారు?"

"మర్చిపోయానండీ. ఆ రోజు నడిపే ముందు తుడిచాను. టేపని తట్టలేదు."

"పైతొడుగు ఎలా తీశారు?"

"ఎలా ఏముంది? పైనున్న నాలుగు స్క్రూలూ విప్పి."

ఆవిడ తలెత్తి అతణ్ని చూసింది. తరవాత పెద్దాయనను చూసింది. కొత్త టేపు ముక్క కత్తిరించింది.

"చెప్పానా!" అన్నాడు పెద్దాయన. ఖాళీ పెట్టె మూత తీసి మళ్లీ పెట్టాడు. "వీడేనని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను."

అరగంటలో నాలుగు తీగలూ అతికాయి. బల్ల మీది పట్టాల ముక్క మీద ఇంజన్ పెట్టి ఆవిడ మీట తిప్పింది. ఇంజన్ ఉలిక్కిపడ్డట్టు ముందుకు గెంతింది.

"ఇది నడకా? ఆవిడలా నడిపించమ్మా."

"ఆవిడ నడపగా నేను చూడలేదు కదండీ."

అయినా ప్రయత్నించింది. అంకె మార్చింది. "అది కాదు," అన్నాడు. మళ్లీ మార్చింది. "అదీ కాదు." పన్నెండోసారి ఇంజన్ నిజంగా మెత్తగానే కదిలింది. మంచి నడకే. ఎవరిదో నడక. పెద్దాయన చెయ్యి చాపి దాన్ని పట్టాల మీంచి ఎత్తేసి పెట్టెలో పెట్టుకున్నాడు.

షాపు మెట్ల దగ్గర బావమరిది ఆయన్ని అందుకున్నాడు. "బావా, కొన్ని అంకెలు నాకు గుర్తున్నాయేమో. ఆదివారం వచ్చి చూస్తాను."

"రావద్దు. మా గడప తొక్కకు."

"సరే బావా." బావమరిది రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

ఆ ఇంజన్‌కు ఉన్నది ఒకటే స్క్రూ, అదీ అడుగున. కిందటి నెల వంటింటి బల్ల మీద దాన్ని విప్పి, మోటారు కింద నల్లటి మరకను గోటితో గీకి, మెరిసేదాకా స్పిరిట్‌తో తుడిచిన పెద్దాయన ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు.