మంచం పట్టేంత నేల

"ఆ మేకు పీకెయ్ విల్ఫ్. అది మా నేల," అంది మేబెల్ హాథర్లీ.

విల్ఫ్ డర్న్‌ఫర్డ్ పీకలేదు. సుత్తితో ఇంకో దెబ్బ వేశాడు.

"మీ నేలైతే ఆ సంగతి వాగుకి చెప్పుకోవాల్సింది."

హాలోబోర్న్‌లో వాగు వేసవిలో ఉండదు. చలికాలంలో సుద్దకొండ కింద ఊట పుట్టి ఊరి మధ్యకి వస్తుంది. వసంతం దాటగానే చెప్పాపెట్టకుండా పోతుంది. మఠం సన్యాసులు ఈ కొండల మీద గొర్రెలు మేపుకున్న కాలం నుంచీ ఆ వాగే ఈ రెండిళ్ల మధ్య సరిహద్దు. తాతల హయాంలో ఓ పెద్ద వరదకి అది హాథర్లీల వైపు జరిగింది. డర్న్‌ఫర్డ్‌లకి మంచం పట్టేంత నేల కలిసొచ్చింది. అప్పట్నుంచి రెండు కుటుంబాల మధ్యా తిట్లే తప్ప మాటల్లేవు.

ప్రార్థన ముగించుకుని వస్తున్న కొత్త పాస్టరుని ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు.

"మీరే చెప్పండి పాస్టరుగారూ."

ఆయన ఆ నేల వంక చూశాడు. మోకాలెత్తు దురదగొండి తప్ప ఏం లేదు.

"ఇందులో ఏం పండుతుంది?"

"మా అమ్మ ఇక్కడే వాగులో మొలిచే నీటికూర కోసేది. వీళ్ల నాన్నొచ్చి బుట్ట లాక్కున్నాడు," అంది మేబెల్.

"మా కూర మేం తీసుకున్నాం. బుట్ట తిరిగిచ్చేశాం."

"అడుగు ఊడిపోయాక!"

"పోనీ, మేకు మధ్యలో పాతితే?" అన్నాడు పాస్టరు.

"కుదరదు!" అన్నారిద్దరూ ఒక్కసారే. అరవై ఏళ్లలో వాళ్ల మాట కలవడం అదే మొదలు.

మేబెల్‌కి ఆయాసం వచ్చింది. చెకుముకిరాళ్ల గోడ మీద కూర్చుని, సంచీలోంచి శాండ్‌విచ్‌లు తీసి ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి మెల్లగా అంది:

"తీసుకో విల్ఫ్. నేల నీదే."

సుత్తి ఆగింది.

"అదేంటి?"

"గుండె బాగాలేదన్నాడు డాక్టరు. పోయేలోగా పగలు తెంచుకోమని మా చెల్లెలి పోరు."

"అంత తేలిగ్గా ఇచ్చేస్తావా? మీ నాన్న ఒప్పుకుంటాడా?"

"మా నాన్న పోయి ఇరవై ఏళ్లయింది."

"అయినా ఒప్పుకోడు."

విల్ఫ్ వంగి, తను పాతిన మేకుని తనే పీకాడు. చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"నాకొద్దు."

"ఇందాకటిదాకా కావాలన్నావుగా?"

"కావాలనడం వేరు, ఇస్తే పుచ్చుకోవడం వేరు. నువ్విచ్చేస్తే ఇక ఇక్కడికి నేనెందుకు రావాలి? వచ్చి ఎవరితో మాట్లాడాలి?" అన్నాడు. తర్వాత దురదగొండి వైపు తిరిగి నిలబడ్డాడు.

మేబెల్ అతని వీపు వంక చాలాసేపు చూసింది. శాండ్‌విచ్‌లు గోడ మీద పెట్టి లేచింది. అతని చేతిలోంచి మేకు లాక్కుని, ఎండిన వాగు దాటి, డర్న్‌ఫర్డ్‌ల స్థలంలోకి నాలుగడుగులు నడిచి, అక్కడ మడమతో తొక్కి దిగ్గొట్టింది.

"నిజానికి సరిహద్దు ఇది. మా తాత మెతకవాడు కాబట్టి ఊరుకున్నాడు."

విల్ఫ్ మొహం విప్పారింది.

"గయ్యాళిదానా! ఇది మా వంటింటి గుమ్మం!"

"కోర్టుకి పో," అంటూ మేబెల్ వెనక్కొచ్చి గోడ మీద కూర్చుంది.

"పోతాను. ముందు అందులో ఒకటి ఇలా పడెయ్," అంటూ వచ్చి గోడ మీద ఆమె పక్కన కూర్చుని శాండ్‌విచ్ అందుకున్నాడు. సగం తిన్నాక అడిగాడు, "మళ్లీ వస్తావుగా, తగువుకి?"

"రాకపోతే నువ్వు ఆక్రమించెయ్యవూ?"

చర్చి గంట మోగింది. పాస్టరు వాచీ చూసుకుని ఇక లేవమన్నాడు. వీధిలో అక్కడక్కడా నిలబడ్డ జనం కూడా ఒక్కొక్కరే కదిలారు. విల్ఫ్ తన చెయ్యి అందించాడు. మేబెల్ తిట్టుకుంటూనే పట్టుకుంది. ఇద్దరూ సుద్దదారి వెంట మెల్లగా మిట్ట ఎక్కారు.

వాళ్లు ఊరి గేటు దాటగానే, యుద్ధంలో ఊరు ఖాళీ చేయించి, ఏడాదికోరోజు మాత్రమే జనాన్ని రానిచ్చే సైన్యం మళ్లీ ఏడాది దాకా దానికి తాళం వేసేసింది.