ఎర్రదారం కట్టిన చెట్లు

తోటలో పరిశోధక విద్యార్థిని టేపు మళ్ళీ పట్టింది. మళ్ళీ అదే కొలత.

ఎర్రదారం కట్టిన చెట్ల చిగుళ్ళు మిగతా చెట్లతో సమానంగా సాగాయి. సాగకూడదు.

ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు.

కిందటేడు ఆకులన్నీ దూసేసిన చెట్లవి. ఆకు లేకపోతే చెట్టు తిండి దాచుకోలేదు, మరుసటేడు కొమ్మ కురచగా వస్తుంది. ఎంత కురచ అన్నదే ఆమె థీసిస్. ఇలాగైతే ఇన్నాళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

పోనీ తను మొదలుపెట్టిన పనా అంటే, అదీ కాదు. దారాలు కట్టిన సీనియర్ ఆకులు దూయకముందే జ్వరంతో పోయింది. ఆ పని ఈమె మెడకు చుట్టుకుంది.

"ఎవరో వేలు పెడుతున్నారు" అనుకుంది. మర్నాడు పొద్దున్నే వచ్చి పొదచాటున కాపు కాసింది.

దొంగ దొరికింది. నెరిసిన జుట్టు, చేతిలో బకెట్.

"ఎవరమ్మా నువ్వు? నిన్నెవరు నీళ్ళు పొయ్యమన్నారు?"

ఆవిడ ఉలిక్కిపడింది. "ఎవరూ చెప్పలేదమ్మా. అన్నిటికీ పోస్తున్నా. దారం ఉన్నవాటికి ఇంకో బకెట్టు, కాస్త ఎరువు."

"వాటికే ఎందుకు?"

"దారం కట్టారంటే, ముద్దుగా చూసుకోవాల్సినవి అనుకున్నా."

"ముద్దా! అవి ఆకు దూసి మాడ్చాల్సిన చెట్లు. నా చదువంతా గంగలో కలిపావు కదా!"

ఆవిడ దారాన్ని వేలితో తడిమింది.

"మాడ్చడానికా కట్టింది?" అంది మెల్లగా.

"ఇంకోసారి ఇటు వచ్చావంటే మర్యాదగా ఉండదు."

ఆవిడ మళ్ళీ రాలేదు.

కొద్దిరోజులకే చెట్లన్నీ, దారం ఉన్నవీ లేనివీ, తలలు వేలేశాయి. చిగుళ్ళు మాడిపోయాయి. కొలవడానికి ఇక ఏమీ మిగల్లేదు.

విద్యార్థిని తోటమాలి మీద విరుచుకుపడింది.

"నీళ్ళు పెట్టడం మానేశారా?"

"వేసవి మొదట్లోనే మోటారు కాలిపోయిందమ్మా. బాగు చేయించమని ఆఫీసు చుట్టూ తిరిగితే నా చెప్పులే అరిగాయి. పాపం, ఆవిడే వీధి చివరి కుళాయి నుంచి మోసుకొచ్చి పోసేవారు. మీకు తెలుసనుకున్నా."

ఆ బకెట్ బరువు ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"ఎక్కడుంటారావిడ? చెప్పండి, వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా."

"నిన్ననే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఇక్కడ తనకింకేం పని లేదన్నారు."

"అసలు ఎవరావిడ?"

తోటమాలి ఎండిన కొమ్మకేసి చూశాడు.

"ఈ దారాలు కట్టిన అమ్మాయి లేదూ, వాళ్ళమ్మ."