ఒక్క మంచి ఫోటో

"మళ్ళీ నవ్వావు! పళ్ళు కనపడకుండా నిలబడమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" కామెన్ విసుక్కున్నాడు.

రోసిత్సా చేతిలోని సంచిని చర్చి మెట్ల మీద టపీమని పడేసింది. పెళ్లయ్యాక మొగుడు తనను సోఫియా నగరానికి షికారు తీసుకురావడం ఇదే మొదలు. పైన బంగారు గోపురాలు ఏప్రిల్ ఎండకు ధగధగలాడుతున్నాయి. తోట నిండా ట్యూలిప్ పూలు. లోకమంతా ఐస్‌క్రీములు చప్పరిస్తూ బెంచీల మీద కాళ్ళు చాపుకుంది. ఈ మహానుభావుడు మాత్రం పొద్దున రైలు దిగిన దగ్గర్నుంచీ ఫోన్ పట్టుకుని ఆమె మొహం వెంటపడ్డాడు.

"నవ్వొస్తే నవ్వనా? షికారుకొచ్చామా, పాస్‌పోర్టు ఆఫీసుకొచ్చామా?"

"ఒక్క మంచి ఫోటో, రోసీ. ఆ నల్లకళ్ళజోడు తీసెయ్. తల కాస్త ఎత్తు."

తీసింది. ఎత్తింది. పైకి చిరచిరలాడుతున్నా లోపల మురిసిపోతూనే ఉంది మరి! చలికాలమంతా తిండి సయించక సగమైంది. కడుపునొప్పికి పరీక్షలు చేయిస్తే ఉత్త గ్యాసేనట. కామెనే వెళ్లి కాగితాలు తెచ్చి చెప్పాడు. నొప్పి సంగతి ఎలా ఉన్నా పోయిన నడుము తిరిగొచ్చింది. పెళ్లయిన కొత్తలో కుట్టించుకున్న ఆకుపచ్చ గౌను ఇన్నేళ్ళకి వదులుగా పట్టింది. మొగుడి చూపు మళ్ళీ తన మీద పడిందంటే పడదూ!

కామెన్ ఫోటో తీసి, ఎవరికో పంపి, నాలుగడుగులు పక్కకి వెళ్లాడు. ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"ఆఁ... అది కుదరదా? సరే, ఇంకోటి పంపాను చూడండి... పక్కనే ఉందండీ, తర్వాత మాట్లాడతా."

అవతలి గొంతు ఆడగొంతు. వయసులో ఉన్న గొంతు. రోసిత్సా మురిపెమంతా ఒక్క క్షణంలో చల్లారిపోయింది.

"ఎవరది?"

"ఆఫీసు."

"శనివారం పూట ఆఫీసా? అందులో ఆడపిల్ల కూర్చుని నా ఫోటోలు చూస్తోందా?"

"అబ్బా, గొడవ చెయ్యకు. జనం చూస్తున్నారు."

"చూడనీ! నా మొహం చూపించి ఇద్దరూ నవ్వుకుంటున్నారా? 'ఇదిగో, ఇదే నా నెత్తిన కూర్చున్న శని' అని చెప్పావా దానికి?"

"నీకేమైనా పిచ్చా?"

"పిచ్చేమీ లేదు, చెవులు శుభ్రంగా వినపడుతున్నాయి. ఇంకో ఆడది ఉంటే ఇప్పుడే చెప్పు కామెన్. సాయంత్రం బండికి విదిన్ వెళ్లిపోయి మా చెల్లెలింట్లో పడి ఉంటాను. అంతేగానీ రెండ్రోజులు ఊరంతా తిప్పి, గౌను మెచ్చుకుని, ఇంటికెళ్లాక తన్ని తగలేస్తానంటే ఊరుకోను."

కామెన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసేసరికి ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. ఏ తప్పూ చేయనివాడైతే ఎదురు తిరిగి అరవడూ? ఇలా పిల్లాడిలా ముక్కు ఎగబీలుస్తాడా?

"ఎవరూ లేరు రోసీ. మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మ మీద నువ్వు వేసిన ఒట్లన్నీ నిజమైతే ఆవిడ పేరు మీద గుడి కట్టాలి. నడు!"

నడిచారు. చర్చి వెనక పాత సామాన్ల బజారులో ఆమె కావాలనే ఓ వెండి పిన్ను మీద వేలు పెట్టింది. కొట్టువాడు నోటికొచ్చిన ధర చెప్పాడు. ఉల్లిపాయల దగ్గర కూడా గంటసేపు బేరమాడే కామెన్ మారుమాట్లాడకుండా నోట్లు తీసిచ్చి, తన చేత్తోనే ఆమె గౌనుకి గుచ్చాడు. ఇక ఆమెకు అనుమానమన్నదే లేకుండా పోయింది. ఉంది, కచ్చితంగా ఉంది ఒకత్తె!

"దాహంగా ఉంది," అంది ముక్తసరిగా.

వీధి మలుపులో నేలమాళిగ కొట్టు ఉంది. కిటికీ కాలిబాటకి ఆనుకుని ఉంటుంది, ఏం కొనాలన్నా మోకాళ్ళ మీద కూర్చోవలసిందే. కామెన్ చెమటలు కక్కుతూ కోటు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. మోకాళ్ళ మీద కూలబడి, తలకాయ కిటికీలో దూర్చాడు.

"రెండు మజ్జిగ సీసాలివ్వమ్మా. చల్లవి వద్దు, మా ఆవిడకి కడుపులో పడదు."

"చల్లనివి కాకపోతే వేడివుంటాయా నాయనా, ఇది కొట్టా, వంటిల్లా?" అని లోపలి ముసలమ్మ దెబ్బలాట పెట్టుకుంది.

అప్పుడు కోటు జేబులో ఫోన్ మోగింది.

రోసిత్సా కిటికీ వైపు చూసింది. మొగుడి తల ఇంకా బయటికి రాలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి ఫోన్ తీసింది. తిట్లన్నీ నోట్లోకి వచ్చి కూర్చున్నాయి. ఇవాళ దీన్ని ఉతికి ఆరేస్తాను అనుకుంది. కానీ ముందు తను నోరు విప్పకూడదు. అదే మాట్లాడాలి. తన మొగుణ్ణి ఏమని పిలుస్తుందో, ఎంత గోముగా పిలుస్తుందో చెవులారా వినాలి. ఆ ఒక్కటీ వింటే చాలు, సాయంత్రం బండి ఎక్కడమే.

ఫోన్ చెవికి పెట్టుకుని ఊపిరి బిగబట్టింది.

"కామెన్ గారూ," అంది అవతలి పిల్ల తేనెలొలికే గొంతుతో, "ఇప్పుడు పంపిన ఫోటో చక్కగా కుదిరిందండీ. నల్ల అంచు పెట్టి, వాకిట్లో అంటించే శ్రద్ధాంజలి కాగితాలు తయారు చేసేశాం, మీ ఆవిడ పోయిన తేదీ ఒక్కటీ మీరు చెప్పినట్టే ఖాళీగా వదిలాం."