మొగులప్ప టైర్లు

తాండూరులో పరశురాం టైర్ల షాపు ముందు ఆ ఎర్ర కారు ఆగగానే, టీకొట్టు దగ్గరి జనమంతా ఇటు తిరిగారు.

తలుపులు రెండే, సీట్లూ రెండే. ఎప్పటిదో పాత స్పోర్ట్స్ కారు. నవీన్‌కుమార్ దాన్ని తుక్కులోంచి తెచ్చుకుని కన్నకూతురితో సమానంగా సాకాడు. అసలు కన్నకూతురు నవనీత పక్క సీట్లో కూర్చుని చిప్స్ తింటోంది.

ఆ రోజు అనంతగిరి గుట్ట మీద పాత కార్ల మేళా. అందరి కళ్లూ తన కారు మీదే ఉండాలని నవీన్ పంతం. చిక్కల్లా టైర్లతోనే. నాలుగూ బీటలు వారాయి. ఇంటి నుంచి ఇక్కడిదాకా బిక్కుబిక్కుమంటూ నడుపుకొచ్చాడు.

పరశురాం చూపించిన మొదటి రకం వెడల్పు ఎక్కువ. పెట్టి తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంది. రెండో రకం మరీ ఎత్తు తక్కువ.

అప్పుడు నవీన్ చూపు మూలనున్న నాలుగు టైర్ల మీద పడింది. సన్నగా, పాతకాలపు గాట్లతో, అచ్చం అతను కలగన్నవే.

వాటి మీద చాక్‌పీసుతో ‘మొగులప్ప’ అని రాసి ఉంది.

"అవి ఇయ్యరాదు సార్. చెప్పి తెప్పిచ్చుకున్నడు. ఆయన దగ్గర గూడ గిసొంటి బండే ఉంది."

"ఎవరాయన?"

పరశురాం కళ్లతోనే చూపించాడు. పాత టైరు మీద కూర్చుని ఒక ముసలాయన టీ తాగుతున్నాడు. మాసిన ధోవతి, భుజాన తువ్వాలు. సైకిలు ఉందన్నా నమ్మేలా లేడు.

పానకంలో పుడకలా దొరికాడనుకుని నవీన్ బయటికి వెళ్లి, తెలిసిన లీడరుకు ఫోన్ చేశాడు. లీడరు వెంటనే పరశురాంకు చేశాడు.

ఈలోగా మొగులప్ప లేచి కారు చుట్టూ తిరిగాడు. టైరు బీటలో గోరు పెట్టి చూశాడు. కిటికీ దగ్గర వంగాడు.

"నువ్వు గూడ గుట్టకు పోతున్నవా బిడ్డా?"

"ఆ, డాడీతోని," అంది నవనీత.

మొగులప్ప లోపలికి వెళ్లి పరశురాంతో చేతులు తిప్పుతూ ఏదో మాట్లాడాడు. ఇక లొల్లి మొదలనుకున్నాడు నవీన్.

కాసేపటికి పరశురాం వచ్చి, టైర్ల మీది పేరును గుడ్డతో తుడిచేశాడు.

"ఎక్కిస్త సార్."

ఫోన్ దెబ్బంటే ఇదీ అని నవీన్ లోలోపల మీసం మెలేశాడు.

కొత్త టైర్లంటే నిమ్మకాయలు తొక్కించాల్సిందే. శనివారం, తొమ్మిది దాటితే రాహుకాలం. చివరి చక్రం ఎక్కేసరికి తొమ్మిది కావస్తోంది. పరశురాం ఆదరాబాదరాగా నిమ్మకాయలు పెట్టి, జాకీ దించాడు.

"జర ఆగు సార్, కొబ్బరికాయ తెస్త. అది కొట్టినంక ఇంకో చిన్న పనుంది," అంటూ లోపలికి పరిగెత్తాడు.

నవీన్ గడియారం చూసుకున్నాడు. ఆగలేదు. నిమ్మకాయలు చిట్లాయి, కారు అదే ఊపులో రోడ్డెక్కింది.

ఊరు దాటాక అద్దంలో ఒక స్కూటర్ కనిపించింది.

మొగులప్ప. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేతిలో ఇనప రాడ్డు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నవీన్ కాలు దానంతటదే యాక్సిలరేటర్ నొక్కింది.

ఫోన్ మోగింది. పరశురాం. ముసలాయన తరఫున పంచాయితీ చేస్తాడని కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు.

అంతలో రైలు గేటు పడింది. ముందూ వెనకా బండల లారీలు. అద్దంలో చూస్తే మొగులప్ప స్కూటర్ దిగి, లారీల సందులోంచి రాడ్డు ఊపుతూ ఉరికొస్తున్నాడు.

"డాడీ, తాత ఏందో అంటున్నడు."

"అద్దం దించకు."

రైలు చప్పుడులో ఆ అరుపులు కలిసిపోయాయి. గేటు లేచింది. నవీన్ లారీని తప్పించి దూసుకుపోయాడు. గుట్ట దగ్గర ఎదురుచూస్తున్న బామ్మర్ది శ్రీనుకు ఫోన్ చేశాడు.

"స్కూటర్ మీద ఒకడు రాడ్డు పట్టుకొని ఎంటబడ్డడు. టైర్ల లొల్లి. గుట్ట మొదట్లనే ఆపుండ్రి."

"నువ్వు ఫికర్ చెయ్యకు బావా. దోస్తులున్నరు."

ఘాట్ రోడ్డు మొదట్లో శ్రీను వాళ్లు చెయ్యి ఊపారు. నవీన్‌కు ప్రాణం లేచొచ్చింది. మలుపులు మొదలయ్యాయి, ఒక పక్క లోయ.

"డాడీ, వెనక టకటకమంటుంది."

స్టీరింగు చేతిలో అదిరింది. నవీన్ మెల్లగా బ్రేకు వేసి, గోడ పక్కన ఆపి దిగాడు.

వెనక చక్రం ఒరిగి ఉంది. నట్టు పట్టుకుంటే వేళ్లకే తిరిగిపోయింది. ఒకటైతే అసలే లేదు.

నవనీత వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

శ్రీనుకు ఫోన్ చేశాడు.

"పని అయింది బావా. ఆని రాడ్డుతోనే ఆనికి రెండు ఇచ్చినం. తలకు తగిలింది, లేస్తలేడు. పడ్డంక గూడ బండి ఆపుమను, బండి ఆపుమను అనుకుంటనే ఉండె."

మళ్లీ ఫోన్ మోగింది. పరశురాం. ఈసారి ఎత్తాడు.

"సార్, మొగులప్ప కలిసిండా? జాకీ దించినంక నట్లు గట్టిగ బిగియ్యాలె, మీరు ఆగకపోతిరి. అది చూసి, నా స్కూటర్, నట్లు బిగిచ్చే స్పానర్ రాడ్డు తీస్కొని ఆయననే ఉరికిండు."

"టైర్లు గుంజుకున్నననే కోపంతోని వస్తున్నడనుకున్న," అన్నాడు నవీన్.

"కోపమెందుకు సార్? మీ లీడరుకు నేను ఇయ్యనని మొఖం మీదనే చెప్పిన. చిన్నపిల్ల ఎక్కిన బండి, బీటల టైర్ల మీద గుట్ట ఎక్కనియ్యకు, నాయి ఇయ్యి అని మీకు ఇప్పిచ్చింది మొగులప్పనే."