ఎత్తని వేలు

“ఈ మనిషిని ఎక్కించుకోకు,” అంది మటిల్డా పిన్ని, పడవ తాడు వదలకుండా.

“ఏం పిన్నీ, ముఖం నచ్చలేదా?” సెలీనా నవ్వింది.

“రెండు రాళ్ల రేవులో దిగుతానంటున్నాడు. ఇంత పెద్ద సరస్సులో ఇంకో రేవే దొరకలేదా?”

సెలీనా నవ్వు ఆగిపోయింది. అక్క రోజెట్ పడవ ఖాళీగా దొరికింది ఆ రేవులోనే, పోయిన సెప్టెంబరులో. ఒంటరిగా వెళ్లి మునిగిపోయిందన్నారు పోలీసులు. మంచు కరిగి నిండే ఆ నీళ్లు మనిషిని మింగితే మళ్లీ పైకి ఇవ్వవు. కానీ నడక రాకముందే పడవెక్కిన అక్క, ఆకు కదలని రోజున ఎలా మునిగింది? ఇప్పుడా పడవ, అతిథుల్ని తిప్పే ఆ పని సెలీనావే. ఆ ప్రశ్న కూడా.

“పటంలో చూసుకునుంటాడులే,” అంది తాడు లాక్కుంటూ.

“సరే, పో. ముసలాయన సంగతి మాత్రం చెప్పు. కొత్త పెళ్లికూతురివి, నీ బుర్ర ఎక్కడుందో నీకే తెలీదు.”

“చెప్తా, చెప్తా.”

ముసలాయన అంటే సరస్సు చివర నిలబడ్డ కొండ. ఆయన వైపు వేలు చూపిస్తే గంట తిరిగేసరికి గాలి లేచి సరస్సును తలకిందులు చేస్తుంది. ఆ సంగతి ఏ బోర్డు మీదా ఉండదు. ఆయన గురించి కాగితం మీద పెట్టడం ఆ సరస్సు ఒడ్డువాళ్లలో లేదు. పడవ నడిపేవాళ్లే మొదటి మలుపు దగ్గర అతిథుల చెవిన వేస్తారు.

ప్రెస్కాట్ అనే ఆ అతిథి ముందు బల్ల మీద కూర్చున్నాడు. సంచికి చిన్న పార కట్టి ఉంది.

“పార ఎందుకండీ?”

“వానొస్తే గుడారం చుట్టూ కాలవ తీయొద్దూ?”

“ఇటువైపు ఎప్పుడైనా వచ్చారా?”

“జన్మలో ఇదే మొదలు. పొద్దున విమానం దిగాను, నీ పడవెక్కాను. ఇక్కడ నీతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడలేదమ్మా.”

మొదటి మలుపు వచ్చింది. సెలీనా నోరు తెరవబోతుంటే పడవలోని రేడియో గరగరమంది.

“నా డబ్బాలో రొట్టె ఏది?” ఎమిల్ గొంతు.

“నా డబ్బాలో ఉంది.”

“దొంగా! పెళ్లయి నెల కాలేదు, అప్పుడే మొగుడి నోటి దగ్గరది లాక్కుంటావా?”

“జామ్ కూడా తెచ్చేసుకున్నా.”

“సాయంత్రం ఇంటికి రా, నీ పని చెప్తా.”

ఆమె ముసిముసిగా నవ్వుకుంటూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. వేయించిన రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది. ఆ నవ్వులోనే మలుపు దాటిపోయింది.

నడి సరస్సుకొచ్చేసరికి పక్షుల అరుపులు లేవు. పాలు కలిపినట్టున్న పచ్చటి నీళ్లలో మంచుపెళ్లలు చప్పుడు లేకుండా పక్కనుంచి జారిపోతున్నాయి. అతను ఆమెకేసి చూడ్డం లేదు. ఒడ్డునే చూస్తున్నాడు.

“ఈ నీళ్లన్నీ ఆ కొండ మీది మంచేనా?” అంటూ చెయ్యెత్తాడు.

అయ్యో, చెప్పడం మర్చిపోయాను! సెలీనా అరవబోయింది. కానీ ఎత్తబోయిన వేలు సగంలో ఆగి పిడికిట్లోకి ముడుచుకుంది. అతను గడ్డం ఎత్తి కొండను చూపించాడు.

బతికించావు నాయనా, అనుకుందామె. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

రెండు రాళ్ల రేవుకు మూడు వైపులా నిలువు బండలు. నీటి దారి తప్ప వేరే దారి లేదు. అతను దిగి సంచి భుజానికెత్తుకున్నాడు.

“రేపు సాయంత్రం ఐదింటికి. మర్చిపోకు.”

“మర్చిపోనండీ.”

పడవ వంద గజాలు వెనక్కొచ్చాక రేడియో మళ్లీ పలికింది.

“దింపేశావా అమ్మడూ?” అంది పిన్ని.

“దింపేశా. నువ్వు ఊరికే భయపడ్డావు. పాపం, బుద్ధిమంతుడు. వేలు ఎత్తబోయి కూడా ముడిచేసుకున్నాడు. గడ్డంతోనే చూపించాడు.”

“అమ్మయ్య. నీ మాట బుర్రకెక్కిందన్నమాట.”

“నా మాటేంటి పిన్నీ, నేను అసలు...”

సెలీనా చెయ్యి ఇంజను మీదే ఉండిపోయింది.

“అసలు? ఏంటే?”

ఒడ్డున ప్రెస్కాట్ అప్పుడే పార విప్పాడు. గుడారం సంచి కింద పడేసి, పైనున్న రాళ్లగుట్ట వైపు నడుస్తున్నాడు. అటూ ఇటూ చూడ్డం లేదు. వెతుక్కోవడం లేదు. నేరుగా వెళ్తున్నాడు.

“నేను చెప్పలేదు పిన్నీ.”

పిన్ని గొంతు, నూతిలోంచి వచ్చినట్టు:

“మరి ఎవరు చెప్పారే?”

మలుపు దగ్గర ఆ మాట అతిథికి చెప్పకుండా అక్క ఏనాడూ పడవ నడపలేదు. సెలీనా రాళ్లగుట్ట వైపే చూస్తోంది. పార రాయికి తగిలిన చప్పుడు నీళ్ల మీదుగా వచ్చి చెవిలో పడింది.

“ఎమిల్‌తో చెప్పు, పోలీసుల్ని పిలవమని,” అంది. “అతను ఎక్కడికీ పోలేడు. పడవ నా దగ్గరుంది.”

“ముందు నువ్వు ఇంటికి రా తల్లీ!”

“వస్తున్నా. ఒక్క నిమిషం.”

గాలి లేవడానికి గంట. ఇంటికి ముప్పావు గంట దారి. చాలు.

సెలీనా పడవలో లేచి నిలబడి, చెయ్యి బారుగా చాచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముసలాయన వైపు వేలెత్తి చూపించింది.