మూడున్నర సెకన్ల కారు

"ఆగు! ఆవిణ్ణి లేపకు!"

మెట్ల కింద వెల్లకిలా పడి ఉన్న తల్లి చంకల కింద చేతులు వేసి, లేపి కూర్చోబెట్టబోతున్న ఆమె, మొగుడి కేకకి ఉలిక్కిపడి ఆగిపోయింది. కాలుజారి ఏడు మెట్లు దొర్లిన ముసలమ్మకి తల వెనక రక్తం కారుతోంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే గంట పడుతుందన్నారు. కారు మాత్రం గుమ్మం ముందే ఉంది.

"కూర్చోబెడితే రక్తం వీపు మీదుగా సీటుకి అంటుతుంది. క్రీమ్ రంగు లెదర్ అది. మరక పడిందా, చచ్చినా పోదు," అన్నాడతను.

ఆమె తల్లి చంకల కిందనుంచి చేతులు తీసేసింది.

ఆ కారు గురించి రెండు ముక్కలు చెప్పాలి. పేరుకి కుటుంబం కారు. పొడుగ్గా, సీట్లు మడిస్తే వెనకంతా చిన్న గదిలా ఉంటుంది. లోపలున్నది మాత్రం పందెం కారు ఇంజను. మూడున్నర సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందట. వీధిలో ఆ ముక్క అతను చెప్పని మనిషి లేడు. ఇంట్లో అందరం హాయిగా తిరగడానికే కొన్నానంటాడు. ఆ అందరూ చెప్పులు విప్పి ఎక్కాలి, లోపల మంచినీళ్ళు కూడా తాగకూడదు. సామాను గీరుకోకుండా వడ్రంగి చేత కొలత ప్రకారం ఓ చెక్క చేయించాడు. ఏది తెచ్చినా దాని మీద పెట్టి, రెండు పక్కలా దుప్పటి చుట్టలు దోపి, బెల్టులతో బిగించాల్సిందే. మొన్న ఓ పుచ్చకాయ అలాగే ఊరేగుతూ ఇంటికొచ్చింది.

ఇప్పుడా చెక్కే తెచ్చి ముసలమ్మ పక్కన పెట్టాడు.

"దర్జీగారూ, ఓ చెయ్యి వెయ్యండి," అని ఎదురింటాయన్ని పిలిచాడు. "తిన్నగా జరపండి. వంచకండి. వంచితే రక్తం ఇంకా కారుతుంది."

తలకి రెండు పక్కలా చుట్టలు దోపాడు. "ఇది అటూ ఇటూ దొర్లిందంటే లోపలంతా మరకలే," అని గొణుక్కున్నాడు. నుదుటి మీదుగా ఒకటి, ఛాతీ మీదుగా ఒకటి, మోకాళ్ళ మీదుగా ఒకటి బెల్టులు బిగించాడు.

"మా అమ్మేమన్నా పుచ్చకాయా?" అంది ఆమె.

"పుచ్చకాయకి రక్తం కారదుగా," అన్నాడు మామూలుగా.

ఛీ అనిపించింది ఆమెకి. ఈ మనిషితో పదహారేళ్ళు ఎలా కాపురం చేశానా అని ఒళ్ళంతా కంపరమెత్తింది.

ఆస్పత్రికి మామూలుగా అయితే పది నిమిషాలు. కారు ఇరవై దాటలేదు.

"కాస్త తొందరగా పోనివ్వండి!"

"రోడ్డు చూశావా? గుంటలో పడితే అడుగంతా గీరుకుపోతుంది. కింద జానెడు ఎత్తు కూడా లేదు దీనికి."

ప్రతి గుంట దగ్గరా ఆగాడు. స్పీడు బ్రేకరు వస్తే కారుని ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ మెల్లగా ఎక్కించి దించాడు. సైకిలు మీద పోతున్న ఓ పెద్దాయన వాళ్ళని దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

"ఆ మూడున్నర సెకన్లూ ఏ గంగలో కలిశాయండీ?"

"అది మంచి రోడ్డు మీద."

"ఎక్కడుందా మంచి రోడ్డు?"

"ఈ ఊళ్ళో లేదులే," అని ఒప్పుకున్నాడు.

వెనకనుంచి తల్లి గొంతు సన్నగా వినిపించింది. "వచ్చేశామా అమ్మాయ్? చేతులు తిమ్మిరెక్కుతున్నాయే. పాపం, అల్లుడుగారికి శ్రమ."

"వచ్చేశామమ్మా," అని అబద్ధమాడి, ఆమె అప్పుడే నిర్ణయించేసుకుంది. అమ్మకేమన్నా అయితే ఈ మొహం మళ్ళీ చూడదు. ఏమీ కాకపోయినా చూడదు.

నలభై నిమిషాలకి చేరారు. ఆస్పత్రివాళ్ళు ముసలమ్మని చెక్కతో సహా లోపలికి తీసుకుపోయారు. అతను రాలేదు. "ఆ చెక్క మాత్రం అడిగి పట్టుకురా, మర్చిపోకు," అన్నాడు.

ఆమె వరండాలో కూర్చుని అన్నయ్యకి ఫోన్ చేసింది. "అమ్మ సంగతి తేలగానే నీ దగ్గరికి వచ్చేస్తాను. పిల్లలూ నేనూ. ఆయన కాదు. ఎందుకో వచ్చాక చెప్తాను." ఎదురుగా కిటికీ అద్దంలోంచి మొగుడు కనిపిస్తున్నాడు. కారు వెనక తలుపు ఎత్తి, తల లోపలికి దూర్చి, తడిగుడ్డతో తుడుస్తూ, మధ్యమధ్యలో వాసన చూస్తున్నాడు. ఆమె మొహం తిప్పేసుకుంది.

గంటన్నర తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఆమె గబుక్కున లేచింది.

"చాలా ఆలస్యం చేశామండీ. మా ఆయన..."

"ఆలస్యమే మంచిదైందమ్మా. మెడ ఎముక విరిగింది. పడగానే లేపి కూర్చోబెట్టి ఉన్నా, దారిలో ఒక్క గట్టి కుదుపు తగిలినా, ఆవిడకి జన్మలో కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. ఇప్పుడు నాలుగూ ఆడుతున్నాయి. మూడు నెలల్లో లేచి తిరుగుతారు."

ఇందాక అమ్మ చంకల కింద వేసిన తన చేతుల్ని ఆమె చూసుకుంది.

"చెక్క, తలకి చుట్టలు, నుదుటికి బెల్టు! నేర్పినా ఇంత పద్ధతిగా ఎవరూ తీసుకురారు. ఎవరమ్మా ఇదంతా చేసింది?"

ఆమె కిటికీ అద్దం వైపు వేలు చూపించింది. బయట అతను నేలమీద బోర్లా పడుకుని, ఫోన్ లైటు వేసి కారు అడుగున వెతుకుతున్నాడు.

డాక్టరమ్మ అటు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"అదృష్టవంతులమ్మా మీరు. మీవారు అంబులెన్సులో పనిచేస్తారా?"